మే డే రైతుకు ఎందుకు?

మే నెల మొదటి తేదీ వచ్చేసరికి పల్లెల్లో ఎవరికీ తీరిక ఉండదు. రబీ ధాన్యం కల్లాల్లో ఉంటుంది. కొనుగోలు కేంద్రం దగ్గర గోనె సంచుల కోసం, కాంటా కోసం, లారీ కోసం కాచుకుని కూర్చుంటాం. ఆకాశంలో మబ్బు కనిపిస్తే టార్పాలిన్ల కోసం పరుగెత్తుతాం. అదే రోజు పొద్దున మండల కేంద్రంలో హమాలీలు, ఆటో కార్మికులు, అంగన్‌వాడీ ఉద్యోగులు ఎర్ర జెండా ఎగరేసి ఊరేగింపు తీస్తారు. మన సంఘం వాళ్లు కూడా వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి వస్తారు.

తిరిగి వచ్చాక రచ్చబండ దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ఎనిమిది గంటల పని వాళ్లకు. మనకు పొద్దు పొడవక ముందే మొదలు, రాత్రి మోటారు దగ్గర ముగింపు. ఈ పండగతో మనకేం పని?" అని అడుగుతారు. ఇంకొంచెం గట్టిగా మాట్లాడేవారు మరో మాట కూడా కలుపుతారు. "కూలి రేట్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. కూలీల పండగ మనం చెయ్యడం ఏమిటి?"

ఈ ప్రశ్నను కోపంతో కొట్టిపారేస్తే లాభం లేదు. అడిగేవాడు సంఘానికి శత్రువు కాడు. ఎకరమో రెండెకరాలో కౌలుకు చేసి, అప్పులో ఉన్న మన సభ్యుడే. అతనికి సూటిగా జవాబు చెప్పాలి. నా జవాబు ఇది: మే డే రైతుది కూడా. అయితే ఆ మాట మనం అనాలంటే, మన చేలో పనిచేసే కూలీ ముందు నిలబడి అనగలగాలి. మే డే చరిత్రను మొదటి నుంచి చూస్తే ఈ రెండు మాటలూ ఎందుకు విడదీయరానివో తెలుస్తుంది.

కోత మిషన్ల ఫ్యాక్టరీ దగ్గర మొదలైన కథ

మే డే అనగానే చికాగో అంటాం. చికాగోలో ఆ గొడవ ఏ ఫ్యాక్టరీ గేటు ముందు జరిగిందో మాత్రం ఎక్కువగా చెప్పుకోం. అది మెకార్మిక్ కంపెనీ. అక్కడ తయారయ్యేది రైతులు వాడే కోత మిషన్లు. అమెరికా గోధుమ చేలల్లో కోతలు కోసిన మిషన్లు అవి. రైతులు వాటిని వాయిదాల మీద, అప్పు మీద కొనేవారు. మిషన్ చేసే కార్మికుడికి కూలి చాలదు, మిషన్ కొన్న రైతుకు అప్పు తీరదు. ఆ ఇద్దరి మధ్య కంపెనీ మాత్రం పెరిగింది. 1902లో అది మరికొన్ని కంపెనీలతో కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయింది. 1963లో మహీంద్రా కంపెనీ మన దేశంలో ట్రాక్టర్ల తయారీలోకి దిగింది కూడా ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ భాగస్వామ్యంతోనే. మన పొలాల్లో దున్నుతున్న ట్రాక్టర్ల వంశవృక్షం వెతుకుతూ పోతే ఒక కొమ్మ ఆ చికాగో గేటు దాకా పోతుంది.

అప్పట్లో అమెరికాలో కార్మికులు రోజుకు పది, పన్నెండు గంటలు, కొన్ని చోట్ల అంతకు మించి పనిచేసేవారు. అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య 1884లో చికాగోలో సమావేశమై ఒక తీర్మానం చేసింది. 1886 మే 1 నుంచి రోజుకు ఎనిమిది గంటలే పని అన్నది ఆ తీర్మానం. ప్రభుత్వం ఇస్తుందేమో చూద్దాం అనలేదు. తేదీ తామే పెట్టుకున్నారు. ఆ రోజు దేశమంతటా మూడు లక్షలకు పైగా కార్మికులు పని ఆపి వీధుల్లోకి వచ్చారని అంచనా.

మెకార్మిక్ ఫ్యాక్టరీలో అంతకు ముందు నుంచే, ఫిబ్రవరి నుంచి, లాకౌట్ నడుస్తోంది. సంఘంలో ఉన్నవాళ్లను బయటకు నెట్టి, బయటి మనుషులను తెచ్చి పని చేయించుకుంటున్నారు. మే 3న గేటు దగ్గర ఘర్షణ జరిగింది. పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు. మర్నాడు సాయంత్రం ఆ కాల్పులకు నిరసనగా హేమార్కెట్ అనే కూడలిలో సభ పెట్టారు. సభ ముగింపుకు వచ్చి, వాన జల్లుకు జనం చాలామంది వెళ్లిపోయాక పోలీసు దళం వచ్చి పొమ్మంది. అప్పుడు ఎవరో బాంబు విసిరారు. పోలీసులు కాల్పులు మొదలుపెట్టారు. ఏడుగురు పోలీసులు, కనీసం నలుగురు పౌరులు చనిపోయారు. ఆ బాంబు విసిరింది ఎవరో నేటికీ తేలలేదు.

ఎవరో తేలకపోయినా శిక్షలు మాత్రం పడ్డాయి. ఎనిమిది మంది కార్మిక నాయకుల మీద కేసు నడిపారు. వాళ్లలో ఎవరూ బాంబు వేశారన్న రుజువు లేదు. వాళ్ల ఉపన్యాసాలు, రాతలే నేరమయ్యాయి. ఏడుగురికి మరణశిక్ష, ఒకరికి పదిహేనేళ్ల జైలు విధించారు. ఇద్దరి మరణశిక్షను గవర్నర్ యావజ్జీవంగా మార్చాడు. లూయీ లింగ్ ఉరికి ముందు రోజు జైలు గదిలో చనిపోయాడు. 1887 నవంబర్ 11న ఆల్బర్ట్ పార్సన్స్, ఆగస్ట్ స్పైస్, అడాల్ఫ్ ఫిషర్, జార్జ్ ఎంగెల్‌లను ఉరి తీశారు. ఆరేళ్ల తర్వాత 1893లో ఇల్లినాయ్ గవర్నర్‌గా వచ్చిన జాన్ ఆల్ట్‌గెల్డ్ జైల్లో మిగిలిన ముగ్గురినీ విడుదల చేశాడు. ఆ విచారణ న్యాయంగా జరగలేదని వివరంగా రాసి మరీ విడుదల చేశాడు. దానికి ఆయన చెల్లించిన మూల్యం రాజకీయ జీవితమే.

1889లో పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభ, 1890 మే 1న అన్ని దేశాల్లోనూ ఎనిమిది గంటల పని కోసం ప్రదర్శనలు జరపాలని పిలుపు ఇచ్చింది. అలా ఒక దేశపు సమ్మె తేదీ ప్రపంచ కార్మికుల దినమైంది. విచిత్రం ఏమంటే, పుట్టిన గడ్డ అమెరికాలో మే 1 సెలవు లేదు. అక్కడి ప్రభుత్వం 1894లో సెప్టెంబర్ మొదటి సోమవారాన్ని కార్మికుల సెలవుగా చట్టం చేసింది. సెలవు ఇచ్చింది గానీ, మే 1ని మాత్రం ఒప్పుకోలేదు. పాలకులకు సెలవు ఇవ్వడం కష్టం కాదు. జ్ఞాపకం ఉండనివ్వడమే కష్టం.

మన దేశంలో మొదటి జెండాలో కిసాన్ ఉన్నాడు

మన దేశంలో పని గంటల పోరాటం చికాగో కంటే ముందే మొదలైంది. 1862లో హౌరా రైల్వే కార్మికులు సుమారు 1200 మంది ఎనిమిది గంటల పని కోరుతూ సమ్మె చేశారు. మే డే పేరుతో మాత్రం మొదటి సభ జరిగింది 1923 మే 1న, మద్రాసులో. జరిపింది సింగారవేలు చెట్టియార్. అప్పటి మద్రాసు తమిళులదే కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలకూ అదే రాజధాని. హైకోర్టు ఎదురుగా సముద్రపు ఒడ్డున ఒక సభ, ట్రిప్లికేన్ ఒడ్డున మరో సభ జరిగాయి. ఆ రోజునే ఆయన ఒక పార్టీని ప్రకటించారు. దాని పేరు లేబర్ కిసాన్ పార్టీ ఆఫ్ హిందుస్థాన్.

పేరును మరోసారి చదవండి. లేబర్, కిసాన్. ఈ దేశంలో మే డే జెండా మొదటిసారి ఎగిరినప్పుడే దానిలో రైతు ఉన్నాడు. తర్వాత ఎవరో దయతలచి చేర్చింది కాదు. ఆ తర్వాత పదమూడేళ్లకు, 1936 ఏప్రిల్‌లో, లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, మన గుంటూరు జిల్లా నిడుబ్రోలు నుంచి వెళ్లిన ఎన్.జి. రంగా ప్రధాన కార్యదర్శి.

పని గంటలు అన్న మాటను ఫ్యాక్టరీ సైరన్‌తోనే కలిపి ఆలోచిస్తాం. నిజానికి ఆ మాట బరువు మన తాతలకు ఫ్యాక్టరీ చూడకుండానే తెలుసు. తెలంగాణలో వెట్టి అంటే ఏమిటి? గంట లేదు, కూలి లేదు, కాదనే హక్కు లేదు. చాకలి, కుమ్మరి, మాదిగ, మాల, ఏ కులానికి ఆ కులం చాకిరీ. రైతు కూడా దానికి బయట లేడు. తన మడి ఎండుతున్నా దొర మడికే ముందు నీళ్లు పెట్టాలి. తన చెలక పదును పోతున్నా దొర పొలంలోనే ముందు నాగలి కట్టాలి. వానాకాలంలో పదును పోవడం అంటే ఏమిటో రైతుకు చెప్పనక్కర లేదు. అంటే దొర తీసుకున్నది ఒక్క రోజు పని కాదు, ఏడాది పంట. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఊరూరా సంఘం లేచింది. వెట్టి బందయింది. కూలీ, రైతు ఒకే సంఘంలో, ఒకే కర్ర పట్టుకుని నిలబడినందుకే అది సాధ్యమైంది. 'నా రోజు నాది' అని చికాగో కార్మికుడు అన్నదీ, సంఘం సభ్యుడు దొర గడీ ముందు అన్నదీ ఒకే మాట.

రైతుకు ఎనిమిది గంటలు అంటే ఏమిటి?

స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని హద్దు గీసింది. దానికి ముందు 1946లో, అంబేద్కర్ కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న కాలంలోనే, వారానికి 48 గంటల సవరణ వచ్చింది. ఆ హద్దు ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆగిపోయింది. పొలం గట్టు దాటి రాలేదు. వ్యవసాయం వాన మీద, పదును మీద, పురుగు మీద నడిచే పని. దానికి గడియారం కట్టలేం. కోత రోజున ఎనిమిది గంటలు అయిపోయాయని కొడవలి పడేసి పోలేం. ఇది నిజం.

అయితే ఆ ఎనిమిది గంటల నినాదంలో మూడు వంతులు ఉన్నాయి. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు మనిషిగా బతకడానికి. మొదటి వంతు మనకు అతకకపోవచ్చు. రెండో వంతు సంగతి చూడండి. ఎన్నో ఏళ్లు రైతు నిద్రను నిర్ణయించింది ఎవరు? కరెంటు ఆఫీసు. రాత్రి పదింటికో రెండింటికో కరెంటు వస్తే లేచి, టార్చిలైటు పట్టుకుని, తడి గట్ల మీద నడిచి స్టార్టర్ నొక్కడానికి పోయాం. పాము కరిచి పోయినవాళ్లు, తడి చేత్తో తీగ తాకి పోయినవాళ్లు ఏ ఊళ్లో లేరు? పగటి పూటే కరెంటు ఇవ్వాలని సబ్‌స్టేషన్ల ముందు కూర్చున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. మనం అడిగింది చౌక కరెంటు ఒక్కటే కాదు. రాత్రి ఇంట్లో పడుకునే హక్కు కూడా. అది రైతుల ఎనిమిది గంటల పోరాటమే. మనమే దానికి ఆ పేరు పెట్టుకోలేదు.

ఇక కొలత సంగతి. కార్మికుడి శ్రమను గంటల్లో కొలుస్తారు. రైతు శ్రమను దేనితో కొలుస్తారు? పంట ధరతో. మద్దతు ధర లెక్కలు కట్టేటప్పుడు సాగు ఖర్చులో రైతు కుటుంబం చేసిన పనికి కూడా కూలి కట్టి కలుపుతారు. విత్తనం, ఎరువు, మందు, దుక్కి, కూలీల ఖర్చును 'ఎ2' అంటారు. దానికి కుటుంబ శ్రమ విలువ కలిపితే 'ఎ2 ప్లస్ ఎఫ్ఎల్'. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే 'సి2'. స్వామినాథన్ కమిషన్ సిఫార్సు మేరకు సి2 మీద యాభై శాతం కలిపి ధర ఇవ్వాలని మనం అడుగుతున్నాం. ప్రభుత్వం ఎ2 ప్లస్ ఎఫ్ఎల్ మీద యాభై శాతం ఇచ్చి, సిఫార్సు అమలు చేశామంటోంది.

ఈ లెక్కలో మనం సాధారణంగా గమనించని సంగతి ఒకటి ఉంది. ఆ కుటుంబ శ్రమకు విలువ కట్టేది దేనితో? కూలి రేటుతోనే. మీ భార్య కలుపు తీసిన రోజుకు, మీ నాన్న కావలి కాసిన రోజుకు, మీరు మందు కొట్టిన రోజుకు కాగితం మీద పడే ధర, ఊళ్లో కూలీకి పడే ధరను బట్టే ఉంటుంది. కూలి రేటును తొక్కిపెడితే మన రెక్కల ధరను మనమే తొక్కిపెట్టుకున్నట్టు.

"మద్దతు ధర కాగితం మీదే ఉంటుంది, నా చేతికి వచ్చేది దళారి చెప్పిన రేటు, కూలి మాత్రం నా జేబులోంచి రొక్కం పోతుంది" అని ఎవరైనా అంటే ఆ మాట తప్పు కాదు. అందుకే ఆ రైతును నిందించకూడదు. అయితే లెక్క పూర్తిగా వేసి చూద్దాం. ఎకరాకు పది క్వింటాళ్ల పత్తి వచ్చిందనుకోండి. ఏరే కూలి కిలోకు రెండు రూపాయలు పెరిగితే ఎకరాకు రెండు వేలు ఎక్కువ ఖర్చు. అదే పత్తికి తేమ ఉందని, రంగు మారిందని క్వింటాలుకు అయిదు వందలు కోస్తే అయిదు వేలు పోతాయి. రెండు వేలు అడిగిన మనిషి మన ఊరిదే, మన ఎదుటే ఉంటుంది కాబట్టి ఆమెతో గొడవ పడతాం. అయిదు వేలు తీసుకున్నవాడి కాంటా ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అనలేదు.

పత్తి చేను చెప్పిన పాఠం

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. హేమార్కెట్ జరిగిన ఆ దేశంలోనే, ఆ కాలంలోనే, రైతులు దీన్ని అనుభవించారు.

1886లో టెక్సాస్‌లో, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో రైల్వే కార్మికులు పెద్ద సమ్మెకు దిగారు. టెక్సాస్ రైతులకు అప్పటికే 'ఫార్మర్స్ అలయన్స్' అనే బలమైన సంఘం ఉంది. వాళ్ల పరిస్థితి మనకు తెలియనిది కాదు. దుకాణదారు విత్తనం, సరుకులు అప్పు ఇస్తాడు. పంట మీద తాకట్టు రాయించుకుంటాడు. పత్తి అతనికే, అతను చెప్పిన ధరకే పోయాలి. పత్తిని మోసే రైలు కంపెనీ కిరాయి తన ఇష్టం వచ్చినట్టు పెంచుతుంది. సమ్మె వచ్చినప్పుడు ఆ రైతుల్లో చాలామంది ఆలోచించింది ఇలా: మమ్మల్ని కిరాయితో పిండేదీ, వాళ్లను జీతంలో పిండేదీ ఒకే కంపెనీ. అనేక గ్రామ శాఖలు సమ్మెకు మద్దతు తీర్మానాలు చేశాయి. కొన్ని చోట్ల సమ్మెలో ఉన్న కుటుంబాలకు తిండిగింజలు పంపాయి. సమ్మె ఓడిపోయింది గానీ ఆ స్నేహం నిలిచింది. 1892లో ఆ రైతులు, కార్మిక సంఘాలవారు కలిసి ఒమాహాలో పీపుల్స్ పార్టీని నిలబెట్టారు. రైళ్లను ప్రభుత్వం తీసుకోవాలన్న రైతుల కోరికతో పాటు పని గంటలు తగ్గించాలన్న కార్మికుల కోరికకు మద్దతు కూడా అక్కడి తీర్మానాల్లో ఉంది.

ఇది చదివి ఛాతీ పొంగించుకునే ముందు 1891 సంగతి కూడా చెప్పాలి. ఆ రైతు సంఘంలో నల్లజాతి వారిని చేర్చుకోలేదు. వాళ్లు 1886లో 'కలర్డ్ ఫార్మర్స్ అలయన్స్' అని వేరే పెట్టుకున్నారు. అందులో ఎక్కువమంది పాలికాపులు, కౌలుదార్లు, పత్తి ఏరే కూలీలు. 1891 సెప్టెంబర్‌లో ఆ సంఘం ఒక పిలుపు ఇచ్చింది. వంద పౌండ్ల పత్తి, అంటే సుమారు 45 కిలోలు, ఏరినందుకు ఒక డాలర్ ఇవ్వాలి, లేకపోతే పత్తి ఏరం అని. అది అప్పుడు చాలా చోట్ల ఇస్తున్న దానికి దాదాపు రెట్టింపు.

రైలు కార్మికుల సమ్మెను సమర్థించిన సంఘం తన చేలో సమ్మె వచ్చేసరికి ఏం చేసింది? వ్యతిరేకించింది. జాతీయ అధ్యక్షుడు లియోనిడాస్ పోక్ ఆ కోరికకు ఒప్పుకోవద్దని, కావాలంటే పత్తిని చేలోనే వదిలేయమని రైతులకు చెప్పాడు. సమ్మె చాలా చోట్ల మొదలవకుండానే ఆగిపోయింది. ఆర్కన్సా రాష్ట్రంలోని లీ కౌంటీలో మాత్రం బెన్ ప్యాటర్సన్ అనే అతని నాయకత్వంలో కూలీలు నిలబడ్డారు. వాళ్లను వెంటాడి వేటాడారు. సుమారు పదిహేను మంది నల్లజాతి కూలీలు చనిపోయారు.

ఆ తర్వాత ఏమైంది? కూలి రేటు తగ్గించి ఆ రైతులు బాగుపడ్డారా? లేదు. పత్తి ధర పడిపోతూనే ఉంది. దుకాణదారు తాకట్టు అలాగే ఉంది. రైలు కంపెనీ కిరాయి అలాగే ఉంది. ఎన్నికల్లో తెల్ల రైతు, నల్ల కౌలుదారు కలిసి ఓటు వేయకుండా జాతి పేరుతో చీల్చడం పెద్దలకు తేలికైంది. 1896 తర్వాత ఆ రైతు ఉద్యమం కూలిపోయింది. దూరంగా ఉన్న కార్మికుడితో సంఘీభావం సులువు. ఊరేగింపులో పాల్గొంటే సరిపోతుంది. మన చేలో వంగి పత్తి ఏరే మనిషితో సంఘీభావమే అసలు పరీక్ష. వాళ్లు ఆ పరీక్షలో తప్పారు.

జాతి అన్న చోట కులం అని పెట్టి చదివితే ఈ కథ మన ఊరికి ఎంత దగ్గరో తెలుస్తుంది.

ఒకే వారం, రెండు చట్టాలు

ఈ పాఠాన్ని మన కాలంలో ఢిల్లీ సరిహద్దులు తలకిందులుగా, మంచి వైపు నుంచి, చూపించాయి. 2020 సెప్టెంబర్‌లో ఒకే పార్లమెంటు సమావేశంలో, కొద్ది రోజుల తేడాతో, మూడు వ్యవసాయ చట్టాలూ వచ్చాయి, మూడు కార్మిక కోడ్‌లూ వచ్చాయి. వేతనాల కోడ్ అంతకు ముందు ఏడాదే వచ్చింది. నవంబర్ 26న కేంద్ర కార్మిక సంఘాల సార్వత్రిక సమ్మె, రైతుల చలో ఢిల్లీ ఒకే రోజున జరిగాయి. ఏడాదికి పైగా రైతులు ఎండకు, చలికి రోడ్డు మీదే ఉన్నారు. 2021 నవంబర్‌లో వ్యవసాయ చట్టాలు రద్దయ్యాయి.

కార్మిక కోడ్‌లు రద్దు కాలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే సవరణ తెచ్చారు. వారానికి 48 గంటలే కదా అని సర్దిచెబుతున్నారు. హద్దును ఒకసారి కదిపితే అది ఎటు కదులుతుందో గట్టు తగాదాలు చూసిన రైతుకు వేరే చెప్పాలా? మన గెలుపులో కార్మికుల చెయ్యి ఉంది. వాళ్ల కష్టంలో మన చెయ్యి ఎంత ఉంది అని ఈ మే డే నాడు మనల్ని మనం అడుగుకోవాలి.

ఆ ఫ్యాక్టరీలో పది గంటలు నిలబడేది కూడా మన పిల్లలే. సాగు గిట్టక ఇంటర్ చదివి కంపెనీ బస్సెక్కిన కొడుకు, కోడలు. ఊళ్లో ఉన్న తండ్రి రైతు, పట్నంలో ఉన్న కొడుకు కార్మికుడు, పక్కింటి చేలో నాట్లకు పోయే తల్లి కూలీ. ఒకే ఇంట్లో ముగ్గురూ ఉన్నప్పుడు ఎవరి పండగ అని ఎవరిని అడుగుతాం?

మరి ఏం చేద్దాం?

మే డే నాడు జెండా ఎగరేసి వచ్చేస్తే సరిపోదు. ప్రతి గ్రామ శాఖ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఈసారి మే డే సభను వ్యవసాయ కార్మిక సంఘంతో కలిసి ఊళ్లోనే జరుపుదాం. సభ తర్వాత అందరూ కూర్చుని రాబోయే ఖరీఫ్‌కు నాటు కూలి, కలుపు కూలి, ఏరుడు కూలి ముందే మాట్లాడుకుందాం. నారు ముదిరాక, పత్తి పగిలాక, వాన ముంచుకొచ్చాక బేరం పెట్టుకుంటే ఇద్దరికీ నష్టమే. ఈ మాటల్లో చిన్న రైతు మోయలేని భారం వస్తే అదీ దాచకుండా చెప్పుకుందాం. రెండు వైపులా ఖర్చు లెక్క బల్ల మీద పెట్టి మాట్లాడితే కుదరనిది ఉండదు.

రెండోది, ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే పనికి ఒకే కూలి. 1976 నుంచి చట్టం ఉంది. చట్టం కోసం కాకపోయినా, మన సొంత లెక్క కోసం చూడండి. మన ఇంటి ఆడవాళ్ల శ్రమ విలువ కూడా ఆ రేటుతోనే తేలుతుంది.

మూడోది, ఎండ గంటలు. ఏప్రిల్, మే నెలల్లో నడి మధ్యాహ్నం చేలో ఎవరూ ఉండకూడదని ఊరి కట్టుబాటు పెట్టుకుందాం. తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపేద్దాం. తాగే నీళ్లు, నీడ రైతే చూడాలి. మందు కొట్టిన చేలోకి వెంటనే కలుపుకు పంపకూడదు. ఇవి డబ్బుతో పని లేని పనులు. గడియారం కట్టలేమన్న పొలానికి మనం కట్టగల చిన్న గడియారం ఇదే.

నాలుగోది, ఉపాధి హామీ పని మీద మన ధోరణి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైనప్పటి నుంచీ "దానివల్లే కూలీలు దొరకడం లేదు, సీజన్‌లో ఆపెయ్యాలి" అన్న మాట మన సభల్లోనూ వినిపిస్తోంది. పని ఆపించడం కూలీని లొంగదీసే మార్గం. దానికి మనం గొంతు ఇవ్వకూడదు. చెరువు పూడిక, పంట కాలువ, పొలం బాట పనులు పెట్టించుకోవడం ఇద్దరికీ పనికొచ్చే మార్గం. మనం అడగాల్సింది అది. సన్నకారు రైతులు, కౌలు రైతులు కూడా ఆ పనికి పోయినవాళ్లే కదా.

అయిదోది, కూలీలు మనతో కలిసి నడవాల్సిన కోరికలు. సి2 ప్లస్ యాభై శాతం ధరకు చట్టబద్ధ హామీ, ప్రతి కౌలు రైతుకూ గుర్తింపు, బ్యాంకు రుణం, కొనుగోలు కేంద్రాల్లో తరుగు పేరుతో కోతలు లేకపోవడం. కూలి పెరగాలంటే ధర పెరగాలని వాళ్లూ అనాలి. ధర పెరిగితే కూలి పెంచుతామని మనమూ అనాలి. ఈ రెండు మాటలూ ఒకే వేదిక మీద నుంచి వినిపిస్తే కాంటా పట్టుకున్నవాడికి, ఫైలు పట్టుకున్నవాడికి అప్పుడు తెలుస్తుంది.

రచ్చబండ దగ్గర అడిగిన సభ్యుడికి నేను చెప్పేది ఇదే. అన్నా, ఎనిమిది గంటలు మన పొలానికి రాకపోవచ్చు. మన చెమటకు ధర ఎవరు కట్టాలన్న ప్రశ్న మాత్రం మన పొలంలోనే ఉంది. చికాగోలో ఉరికంబం ఎక్కినవాళ్లు అడిగింది ఆ ప్రశ్నే. కల్లంలో ధాన్యం కాంటా అయ్యాక, ఆ రోజు సాయంత్రం ఊళ్లో జెండా గద్దె దగ్గరకు రా. ఒక్కడివే రావద్దు. నీ చేలో నాటు వేసిన వాళ్లను కూడా పిలుచుకుని రా. వాళ్ల పక్కన నిలబడి జెండా తాడు లాగితే, అప్పుడు మే డే నీదీ వాళ్లదీ కూడా.